చాకు కొనేముందు దాని వెన్ను చూడండి

పండగ ఆఫర్లు మొదలయ్యాయంటే చాలు, మా పర్లాకిమిడి కుర్రాళ్లు నాకు ఫొటోలు పంపుతూనే ఉంటారు. "అన్నా, ఈ చాకు ఎలా ఉంది, తీసుకోనా?" అని. ఎవరు పంపినా సరుకు ఒకటే. నల్ల బ్లేడు, వెనకాల రంపం పళ్లు, పిడి చివర కారు అద్దం పగలగొట్టే మేకు, పక్కన సీటు బెల్టు కోసే కొక్కెం, కింద 'టాక్టికల్', 'సర్వైవల్', 'కమాండో' అని రాతలు. ఒరే నాయనా, నీకు కారే లేదు, ఎవరి సీటు బెల్టు కోస్తావు?

నాది పాతపట్నం రోడ్డులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి చాకుతోనే పని. అట్టపెట్టెల టేపు కోయాలి, ప్లాస్టిక్ పట్టీలు తెంపాలి, వైరు మీద తొడుగు ఒలవాలి, సుతిలి తాడు కోయాలి, మధ్యాహ్నం జామకాయో మామిడికాయో కోసుకోవాలి. జేబులో మడత చాకు పెట్టుకునే ఎవరికైనా కాస్త అటూ ఇటూగా ఇవే పనులు. వీటిలో ఒక్కదానికీ రంపం పళ్లు అక్కర్లేదు. అన్నిటికీ కావాల్సింది పల్చటి బ్లేడు. ఆ ఒక్కటీ మాత్రం ఏ వీడియోలోనూ చెప్పరు.

నమ్మకపోతే పచ్చి మామిడికాయ తీసుకోండి. వెన్ను దగ్గర, అంటే పదును లేని పై అంచు దగ్గర, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న 'కమాండో' చాకు దాని మీద పెట్టి నొక్కండి. అంచు ఎంత పదునుగా ఉన్నా సరే, కొంచెం దిగి ఆగిపోతుంది. ఇంకాస్త బలం పెడితే కాయ తెగదు, టప్పుమని పగులుతుంది, టెంక దగ్గర చాకు పక్కకు జారుతుంది. అక్కడే మీ ఎడమచేతి బొటనవేలు ఉంటుంది. ఇప్పుడు 2 మిల్లీమీటర్ల లోపు బ్లేడుతో అదే కాయ కోయండి. బలం పెట్టక్కర్లేదు, లాగితే చాలు, ముక్క పలకలా ఊడి వస్తుంది. మందం బ్లేడు కోయడం కంటే చీల్చడం ఎక్కువ చేస్తుంది. అట్టపెట్టెలోనూ అంతే, సగం దూరం వెళ్లి ఇరుక్కుంటుంది. అందుకే కొనేటప్పుడు చాకును పక్కనుంచి చూసి మురిసిపోకండి. తెరిచి, పైనుంచి వెన్ను చూడండి. వెన్ను నుంచి అంచు దాకా సన్నగా వాలుతూ దిగిందా, లేక చివరిదాకా మందంగానే వచ్చి ఆఖర్న చిన్న పదును పెట్టారా? రెండో రకమైతే అక్కడే వదిలేయండి.

పల్చటి చాకుల గురించి చెప్పాలంటే నాకు ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్ ముందు గుర్తొస్తుంది. 1890 నుంచీ ఉన్న రకం. 8వ నంబరు చాకు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, పిడి చెక్కది, మొత్తం బరువు 50 గ్రాములు కూడా ఉండదు. తెరిచాక ఉంగరంలాంటి రింగు తిప్పితే బ్లేడు మూసుకోకుండా లాక్ పడుతుంది. ఆ రింగు 1955లో వచ్చింది, ఇప్పటికీ అదే. చెక్క పిడి కాబట్టి మన వానాకాలంలో తేమకు ఉబ్బుతుంది, బ్లేడు తెరవాలంటే గోరు విరిగినంత పనవుతుంది. పిడి మడమను బల్ల అంచుకు ఒక్కటి తట్టండి, బ్లేడు దానంతటదే కాస్త బయటికొస్తుంది. ఎండ రోజుల్లోనే అవిసె నూనె పట్టించి ఆరబెడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఇందులో కార్బన్ స్టీలు రకం, స్టెయిన్‌లెస్ రకం రెండూ ఉన్నాయి. మనవైపు చింతకాయ, మామిడికాయ, చెమట, సముద్రపు గాలి, అన్నీ కార్బన్ స్టీలుకి పడనివే. కోసిన పూటే నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పు. ఆ మచ్చలు అందంగా ఉంటాయనే మహానుభావులు ఉన్నారు, వాళ్లకు రోజూ తుడుచుకునే తీరిక కూడా ఉంటుంది. మీరు స్టెయిన్‌లెస్ తీసుకోండి.

ఇక లాక్ గోల. "అన్నా, లాక్ లేని చాకు ప్రమాదం కదా?" పొడిచేవాడికి ప్రమాదం. మనం కోస్తాం. కోసేటప్పుడు బలమంతా బ్లేడును తెరిచిన వైపే నెడుతుంది. స్విస్ చాకుల్లో, అదే ఒక్క పిడిలో చాలా పనిముట్లుండే మడత చాకుల్లో, ఎక్కువ రకాలకు లాకే ఉండదు, వెనకున్న స్ప్రింగే బ్లేడును పట్టుకుంటుంది. 1897లో ఆఫీసర్ల చాకు వచ్చినప్పటి నుంచీ ప్రపంచం వాటితో పని చేసుకుంటూనే ఉంది. చవక చాకుల్లో వచ్చే లైనర్ లాక్ మీదే నాకు ఎక్కువ అనుమానం. పిడి లోపల పల్చటి రేకు ఒకటి పక్కకు జరిగి బ్లేడు మడమకు అడ్డం పడుతుంది, అదే లాక్. సిమెంటు దుమ్మో, జేబులో నూగో చేరితే సగమే పడుతుంది. పడిందనుకుని మనం ధీమాగా ఉంటాం. కొనేటప్పుడు తెరిచి ఆ రేకు ఎక్కడ ఆగిందో చూడండి. అంచుకు మాత్రమే తగిలి ఆగినా, అవతలి గోడ దాకా వెళ్లిపోయినా తీసుకోవద్దు. ఇంకో సంగతి, దాన్ని మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే పెట్టాలి. ఒంటిచేత్తో టక్కున తెరవడం చూడ్డానికి బాగుంటుంది గానీ, రెండు చేతులతో తెరిస్తే పోయేదేమీ లేదు, రీలు తీసుకునేవాళ్లకు తప్ప.

నలుగురిలో తీయగలిగే చాకు కొనుక్కోండి. సంత రోజున కొండ దిగివచ్చే సవర గిరిజనుల భుజం మీద గొడ్డలి ఉంటుంది. ఎవరైనా భయపడతారా? అది కట్టెలు కొట్టే సాధనమని అందరికీ తెలుసు. అదే బరంపురం బస్సులో మీరు నల్లటి రంపం పళ్ల చాకు తీసి బత్తాయి ఒలవండి, పక్క సీటు ఆవిడ పిల్లాణ్ని దగ్గరికి లాక్కుంటుంది. చట్టం కూడా ఇంచుమించు ఇలాగే ఆలోచిస్తుంది. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటికీ వ్యవసాయానికీ పరిశ్రమలకీ చేసినవాటికి మినహాయింపు ఉంది. మన మూడంగుళాల చాకు ఆ లెక్కకు ఎక్కడో కింద ఉంది. అయినా ఎన్నికలప్పుడో గొడవలప్పుడో 163 సెక్షన్ పెడితే, అదే పాత 144, చాకు ఇంట్లో పెట్టి వెళ్లండి. బటన్ నొక్కితే తెరుచుకునే రకం అసలు వద్దు, ఢిల్లీలో దాని మీద 1980 నుంచీ ప్రత్యేక నోటిఫికేషనే ఉంది. విశాఖలో విమానం ఎక్కేరోజు చేతిసంచిలో పెట్టుకోవద్దని మళ్లీ చెప్పాలా?

స్టీలు పేర్ల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీరు అనుకున్నంత తేడా రాదు. బ్లేడు మీద ఉత్త '440' అని ఉంటే సంబరపడకండి. 440లో ఎ, బి, సి అని మూడు రకాలున్నాయి, పదును నిలిపే కార్బన్ ఎక్కువున్నది 'సి'. అక్షరం వేయలేదంటే అది 'సి' కాదనుకోవడమే మంచిది. 'డి2' బాగా పదును నిలుపుతుంది, కానీ పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, తుప్పును ఆపే క్రోమియం 12 శాతం దగ్గరే ఉంటుంది. సముద్రం పక్కన గోపాలపూర్ వైపు ఉండేవాళ్లు దాన్ని తుడుస్తూ కూర్చోవాలి. స్విస్ చాకు స్టీలు మెత్తన, త్వరగా మొండిపోతుంది. మెత్తన కాబట్టే మామూలు రాయి మీద కాసేపట్లో పదునెక్కుతుంది. నాకు ఆ బేరం నచ్చింది.

పదును పెట్టడం మీకే రావాలి. సైకిలు తొక్కుతూ వీధిలోకి వచ్చే సాన అతనికి కత్తిపీట ఇవ్వండి, చాకు ఇవ్వకండి. చక్రం వేడికి నిప్పురవ్వలు లేస్తున్నాయంటే పల్చటి అంచు కాలుతున్నట్టే. నీలం చార కనిపించిందా, అక్కడ స్టీలు పట్టు పోయింది, ఇక ఆ భాగం అరిగిపోయేదాకా ఎంత నూరినా పదును నిలవదు. ఒక వైపు గరుకుగా, రెండో వైపు నున్నగా ఉండే సానరాయి ఒకటి తెచ్చుకోండి. ముందు గరుకు వైపు నీళ్లు చల్లి, బ్లేడును 20 డిగ్రీల వాలులో పెట్టి, రెండు పక్కలా సమానంగా లాగండి. బ్లేడు అంచు పొడుగునా సన్నటి గరుకు వేలికి తగిలితే ఆ వైపు పని అయినట్టు. రాయిని నున్నటి వైపు తిప్పి అంచు మీది ఆ గరుకు పోగొట్టాలి. రాయి లేని రోజు పింగాణీ కప్పును బోర్లించి, అడుగున మెరుపు లేని అంచు మీద నాలుగు లాగులు లాగినా పని జరుగుతుంది.

ఇదంతా ఎవడు చేస్తాడన్నా అంటారా? అలాంటివాళ్లకు మడత చాకే వద్దు. మొండిపోతే ముక్క విరిచి పారేసే పేపర్ కట్టర్ తీసుకోండి, 1956లో జపాన్‌లో కనిపెట్టింది మీలాంటివాళ్ల కోసమే. 18 మిల్లీమీటర్ల బ్లేడుది మా షాపులోనే ఉంది. విరిచిన ముక్కలు మాత్రం ఖాళీ డబ్బాలో వేయండి, మా వీధిలో ఆవులు తిరుగుతాయి.