నూనె ప్యాకెట్ మీది గుండె బొమ్మ గారికి

గౌరవనీయులైన గుండె బొమ్మ గారికి,

మీరు క్షేమంగానే వుంటారు, అడగక్కర్లేదు. ప్లాస్టిక్ ప్యాకెట్ మీద ఎర్రగా నిగనిగలాడుతూ, పక్కన ఒక పచ్చటి ఆకు, కింద పార్కులో పరిగెడుతూ నవ్వుకునే ఒక జంట, మీకు బీపీ లేదు, షుగర్ లేదు, ఈఎంఐ లేదు. మా వైపు గుండెల పరిస్థితే అంత బాగోలేదు, అందుకే ఈ లెటర్.

మీరు మా పిన్ని వంటింట్లోకి వచ్చాక ఏం జరుగుతుందో మీకు తెలీదు, ఎందుకంటే అప్పటికే మీరు చెత్తబుట్టలో వుంటారు. కత్తెరతో మూల కట్ చేసి, ప్యాకెట్‌ని స్టీలు క్యాన్‌లోకి వంచి, మీ మొహం మీదుగా అప్పడాల కర్రతో పైనుంచి కిందకి ఒత్తి ఆఖరి చుక్క దాకా పిండుతుంది, పొదుపు మనిషి. ఆ తర్వాత బెండకాయ వేపుడు మొదలవుతుంది, అక్కడ మాత్రం పొదుపు వుండదు. మూకుట్లో గరిటె తర్వాత గరిటె పడుతుంటే హాల్లోంచి బాబాయ్ "ఏమేవ్, కాస్త చూసి పొయ్యవే" అంటాడు. "ఇది గుండెకి మంచిదండీ, బొమ్మ కూడా వేశాడు" అని ఇంకో గరిటె. ఆవిడ లాజిక్ ఆవిడది, మందు లాంటిదే అయినప్పుడు రెండు డోసులు ఎక్కువ పడితే తప్పేముంది.

మీ పక్కనే రాసుంటుంది కదా, కొలెస్ట్రాల్ ఫ్రీ అని. నిజమే, కాదని ఎవరన్నారు. కొలెస్ట్రాల్ అనేది గుడ్డు, మాంసం, పాలు, నెయ్యి లాంటి జంతువుల తిండిలో వుంటుంది, వేరుశనగలోనూ పొద్దుతిరుగుడులోనూ చెప్పుకోదగ్గంత ఏనాడూ లేదు. మా తాతల కాలంలో ఎద్దు గానుగ నూనెలో కూడా లేదు, పాపం ఆ గానుగాయనకి బోర్డు పెట్టుకోవాలని తోచలేదంతే. కొబ్బరి బోండాం మీద "ఎముకలు లేవు" అని స్టిక్కర్ వేసి పది రూపాయలు ఎక్కువ తీసుకున్నట్టుంది మీ వ్యవహారం. పైగా మన రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తయారయ్యేది మన లివర్‌లోనే, దాన్ని ఏ కొవ్వు పెంచుతుంది ఏది తగ్గిస్తుంది అన్నదే అసలు సంగతి, మీరు ఆ సంగతి తప్ప అన్నీ చెప్తారు.

ఇంకో విషయం, మీరు ఎవరికీ చెప్పుకోనిది. 2011 నాటి ఫుడ్ సేఫ్టీ లేబుల్ రూల్స్‌లో వంటనూనెల ప్యాకెట్ల మీద రాయకూడని మాటల జాబితా ఒకటి పెట్టారు, యాంటీ కొలెస్ట్రాల్, కొలెస్ట్రాల్ ఫైటర్, డబుల్ రిఫైన్డ్, చివరికి "సూదింగ్ టు హార్ట్", అంటే గుండెకి హాయి, అది కూడా అందులో వుండేది. అంటే ఈ వేషాలు ప్రభుత్వం వాళ్ళు ముందే చూసేశారు. మాటలు వద్దన్నారు, మీరు మాటలు రాని బొమ్మ, మీ అదృష్టం.

మీది మొత్తం అబద్ధం అని నేను అనట్లేదండోయ్. డాల్డా, పామాయిల్, నెయ్యి వాడే చోట వాటికి బదులు పొద్దుతిరుగుడు, సోయా, ఆవ నూనె లాంటివి వాడితే చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గుతుంది, ట్రయల్స్, అంటే మనుషుల మీద చేసి చూసిన ప్రయోగాలు, అన్నీ కలిపి చూస్తే గుండె జబ్బులు కూడా కొంత తగ్గుతాయనే తేలింది. కానీ "బదులు" అన్న మాట దగ్గరే మా ఇళ్ళలో లెక్క తప్పుతుంది, మేం బదులు వాడం, అదనంగా వాడతాం, ముద్దపప్పులోకి నెయ్యి నెయ్యే, వేపుడులోకి మీరు మీరే. మనిషికి నెలకి అర లీటరు చాలని డాక్టర్లు చెప్తుంటారు, మా పిన్ని వాళ్ళింట్లో ఇద్దరే మనుషులు, ఖాళీ ప్యాకెట్లు ఎన్నో నేను చెప్తే ఆవిడ నాకు ఇక భోజనం పెట్టదు.

పైగా రక్త పరీక్షలో నంబరు తగ్గినంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 1968 నుంచి 1973 దాకా ఆసుపత్రుల్లో వున్న 9 వేల పైచిలుకు మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి మొక్కజొన్న నూనె పెట్టారు, వాళ్ళ కొలెస్ట్రాల్ శుభ్రంగా తగ్గింది, చావులు తగ్గలేదు. ఆ లెక్కలు చాలావరకు చేసినాయన ఇంటి బేస్‌మెంట్‌లో అట్టపెట్టెల్లో వుండిపోతే, ఆయన పోయాక కొడుకు వెతికి తీస్తే 2016లో పూర్తిగా బయటికొచ్చాయి. ఆ ట్రయల్‌కీ లోపాలున్నాయి, చాలామంది మధ్యలోనే ఆసుపత్రుల నుంచి వెళ్ళిపోయారు, దాని మీద ఇంకా వాదులాడుకుంటూనే వున్నారు. వాదులాడుకోవడం వాళ్ళ పని, మీకు ఆ బాధ లేదు, మిమ్మల్ని ప్రింట్ చేసిన సిలిండర్‌కి ఏ డౌటూ రాదు.

మీకు నిజంగా గుండె మీద అంత ప్రేమ వుంటే అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి పేరు వేసుకోవాల్సింది. అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కి ఏళ్ళ తరబడి బీపీ పెరుగుతూ పోతుంటే ఆయన సొంత డాక్టరు వయసుకి తగ్గట్టే వుందిలే అన్నట్టు నెట్టుకొచ్చాడు, 1945 ఏప్రిల్‌లో మెదడులో రక్తనాళం చిట్లి ఆయన పోయిన రోజున బీపీ 300/190. అప్పట్లో చాలామంది డాక్టర్ల నమ్మకమే అది, వయసు పెరిగితే బీపీ పెరగాలి, తగ్గిస్తే ప్రమాదం అని. అది నిజమేనా అని 1948లో మొదలుపెట్టి ఆ ఫ్రామింగ్‌హామ్‌లో 5,209 మందిని రాసుకుని, రెండేళ్ళకోసారి పిలిచి పరీక్షలు చేసి, ఎవరికి ఎటాక్ వచ్చింది ఎవరికి రాలేదు అని దశాబ్దాల పాటు ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు, పిల్లల్ని కూడా చేర్చుకున్నారు, మనవల్ని కూడా. దాని పుణ్యమే ఇవాళ మనకి బీపీ, సిగరెట్, కొలెస్ట్రాల్ గుండెకి ప్రమాదమని ఎవడైనా చెప్పగలుగుతున్నది. ఇందులో బొమ్మ వెయ్యడానికి ఏముంది చెప్పండి, చేతికి బీపీ చూసే గుడ్డపట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చున్న ముసలాయన బొమ్మ వేస్తే ప్యాకెట్ ఎవడు కొంటాడు.

తర్వాత 2004లో ఇంటర్‌హార్ట్ అని ఇంకో పెద్ద లెక్క వచ్చింది, నడిపించిన సలీం యూసుఫ్ గారు కేరళలో పుట్టి బెంగళూరులో చదివిన డాక్టరు. 52 దేశాల్లో చూస్తే, మొదటిసారి వచ్చే హార్ట్ ఎటాక్ రిస్క్‌లో మగాళ్ళలో 90 శాతం, ఆడాళ్ళలో 94 శాతం ఒక తొమ్మిది విషయాల్లోనే వుందన్నారు, పొగాకు, రక్తంలో కొవ్వుల తేడా, బీపీ, షుగర్, పొట్ట, మనసు మీద ఒత్తిడి, పళ్ళూ కూరగాయలూ తినకపోవడం, కదలకపోవడం, మద్యం సంగతి. మన దక్షిణాసియా వాళ్ళకి ఆ మొదటి ఎటాక్ సగటున 53 ఏళ్ళకే, మిగతా చోట్ల దాదాపు 59. ఆరేళ్ళు ముందుగా. రిజర్వేషన్ లేకపోయినా సీటు దొరికేది మనకి ఈ ఒక్క బండిలోనే.

ఆ తొమ్మిదిలో ఒక ముక్క మాత్రం మావాళ్ళకి భలే నచ్చింది. ప్రపంచం మొత్తం మీద చూస్తే కొద్దిగా తాగేవాళ్ళకి కొంత మేలున్నట్టు కనపడింది, ఈ వార్త ఎవరూ మోసుకెళ్ళకుండానే పర్మిట్ రూమ్ దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మనవాళ్ళ లెక్క విడిగా తీస్తే ఆ మేలు కనపడలేదన్న వార్త మాత్రం ఇంకా ఊరి పొలిమేర దాటలేదు.

కదలడం గురించి లండన్ బస్సుల కథ మీకు చెప్పి తీరాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. జెర్రీ మోరిస్ అనే డాక్టరు 1953లో చూపించింది ఏంటంటే, ఒకే బస్సు, ఒకే రూటు, ఒకే పొగ, కానీ రోజంతా కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకి గుండె జబ్బు తక్కువ. మన హైదరాబాద్‌లో ఒకప్పుడు తిరిగిన డబుల్ డెక్కర్లు గుర్తున్నవాళ్ళకి ఆ మెట్లు ఎంత నిలువో తెలుసు. అయితే ఆయన అక్కడితో చంకలు గుద్దుకోలేదు. అసలు లావుపాటి వాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అని డౌట్ వచ్చి, కంపెనీ యూనిఫాం రిజిస్టర్లు తీయించి ప్యాంట్ల నడుం సైజులు చూస్తే, నిజంగానే డ్రైవర్ల నడుములు ముందునుంచే పెద్దవని తేలింది, దాన్ని 1956లో ఆయన బృందమే అచ్చేసింది. పోస్ట్‌మెన్‌కీ పోస్టాఫీసులో కూర్చునే గుమాస్తాలకీ తేడా వుందనీ ఆయనే చూపించాడు, తర్వాత ఎంతమంది ఎన్ని దేశాల్లో చూసినా కదిలేవాళ్ళకే మేలని వస్తూ పోయింది. ఇదండీ నాకు మీతో గొడవ. వాళ్ళు తమ మాటని తామే పట్టుకుని ఇది నిజమేనా నిజమేనా అని నలభై వైపులనుంచి గుచ్చి చూసుకుంటారు, మీరు ఒక్కసారైనా మీ ఆకుని పక్కకి పెట్టి ఆలోచించారా?

ఉప్పు దగ్గరికి వస్తే మీరు కనపడరు, ఏ ఆవకాయ జాడీ మీదా ఏ గుండె బొమ్మా లేదు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాములు మించొద్దంటుంది, అంటే ఒక టీస్పూన్, కూరలో సాంబారులో పచ్చట్లో అప్పడంలో చల్లమిరపకాయల్లో అన్నిట్లో కలిపి. మన దగ్గర 24 గంటల మూత్రం పట్టి కొలిచినప్పుడు అది 9 గ్రాముల దాకా తేలింది. పైగా విదేశాల్లో లాగా ఫ్యాక్టరీ తిండి మీదకి నెట్టెయ్యడానికి లేదు, మన ఉప్పు చాలావరకు మన చేత్తో మనం వేసుకుందే. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో చేసిన ట్రయల్ ఒకటి 2021లో వచ్చింది, సగం పల్లెల వాళ్ళకి మామూలు ఉప్పుకి బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు, ఐదేళ్ళలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. కిడ్నీ జబ్బున్నవాళ్ళూ, పొటాషియం పెంచే కొన్ని మాత్రలు వాడేవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా ఆ ఉప్పు ముట్టుకోకూడదు, అది వేరే సంగతి. నూనె పొయ్యడానికి బొమ్మ చూపించి ఒప్పించొచ్చు, పెరుగన్నంలో ఆవకాయ ముక్క సైజు తగ్గించమని మా బాబాయ్‌ని ఒప్పించే బొమ్మ గీసే ఆర్టిస్టు ఇంకా పుట్టలేదు.

బాబాయ్ బీపీ మాత్రల సంగతి ఇంకా అన్యాయం. మొన్న సంక్రాంతికి వెళ్తే ఫ్రిజ్ మీద మాత్రల షీటు అలాగే వుంది, నాలుగు తీసి వున్నాయి, మిగతావి బుద్ధిమంతుల్లా వరసలో కూర్చున్నాయి. ఏంటి బాబాయ్ అంటే "బీపీ నార్మల్‌కి వచ్చేసిందిరా, మానేశా" అన్నాడు. మాత్ర వేసుకుంటే నార్మల్‌కి వచ్చింది బాబాయ్, మానేస్తే మళ్ళీ పైకెళ్తుంది అంటే, "అలవాటైపోతుందిరా ఒంటికి" అన్నాడు, 35 ఏళ్ళుగా సిగరెట్ అలవాటైన మనిషి. వచ్చే ఛాతీ నొప్పికి ఆయన పెట్టుకున్న పేరు గ్యాస్. దానికి సోడా తాగుతాడు. ఈ దేశంలో పెద్దవాళ్ళలో 35 శాతం పైగా బీపీ వున్నవాళ్ళేనని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది, అందులో రోజూ మాత్ర మింగేవాళ్ళకంటే మా బాబాయ్‌లే ఎక్కువుంటారని నా అనుమానం. ఊళ్ళో పీహెచ్‌సీలో ఆ మాత్రలు ఫ్రీగా ఇస్తారు, ఏఎన్ఎం ఇంటికొచ్చి మరీ బీపీ చూసి వెళ్తుంది, ఆవిడ వస్తుందంటే ఈయన దొడ్డిగుమ్మంలోంచి పొలానికి వెళ్ళిపోతాడు.

కొలెస్ట్రాల్ మాత్ర కూడా అంతే, లివర్ పోతుందని వాట్సాప్‌లో వచ్చిందట. ఆ మందుల పుట్టుక చూడండి, అకిరా ఎండో అనే జపాన్ ఆయన 6 వేల రకాల బూజులూ సూక్ష్మజీవులూ వెతికితే, క్యోటోలో ఒక బియ్యం కొట్లో దొరికిన బూజులో 1973లో మొదటి స్టాటిన్, అంటే ఈ కొలెస్ట్రాల్ తగ్గించే జాతి మందు, బయటపడింది. 1994లో 4,444 మంది గుండె జబ్బున్నవాళ్ళ మీద ఆ జాతి మందు ఒకటి ఐదేళ్ళ పైన వాడి చూస్తే చావులు 30 శాతం తగ్గాయి. లివర్ నిజంగా దెబ్బతినేది చాలా అరుదు, కావాలంటే రక్త పరీక్ష వుంది. బాబాయ్ ఆ మాత్ర మానేస్తే, అదే వాట్సాప్ మాట మీద పక్కింటాయన రోజుకో ఆస్పిరిన్ వేసుకుంటున్నాడు, రక్తం పల్చబడాలని, ఏ జబ్బూ లేకుండానే. స్టెంటు పడ్డవాళ్ళకి అది ప్రాణం, కానీ ఏ గుండె జబ్బూ లేని పెద్దవాళ్ళు ముందుజాగ్రత్తగా వేసుకుంటే మేలుకంటే రక్తస్రావం గొడవే ఎక్కువని 2018లో వచ్చిన ట్రయల్స్ చెప్పాయి. డాక్టర్ రాసింది ఈయన వేసుకోడు, డాక్టర్ రాయంది ఆయన వేసుకుంటాడు, ఇద్దరూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పిన్ని వేసిన మిరపకాయ బజ్జీలు తింటారు, గుండెకి మంచి నూనెలో వేసినవి.

కాబట్టి బొమ్మ గారూ, మిమ్మల్ని తీసెయ్యమని నేను అడగను, మీ మీద ఎన్ని డిజైన్ కంపెనీలు బతుకుతున్నాయో ఏమో. ప్యాకెట్‌లో ముప్పాతిక భాగం మీదే, కొంచెం ఎడమకి జరగండి. ఆ ఖాళీలో "మనిషికి నెలకి అర లీటరు" అని ఒక్క లైను, మీ సైజు అక్షరాల్లోనే, తెలుగులో వేయించండి. అప్పడాల కర్ర కింద నలిగేలోపు మా పిన్ని ఒక్కసారి చదివినా చాలు.

ఇట్లు,
మీ ప్యాకెట్లు కొట్టు నుంచి ఇంటికి మోసే మనిషి

తా.క. ఇది రాస్తుండగానే పిన్ని ఫోన్ చేసింది, టౌన్లో సూపర్ మార్కెట్‌కి కొత్త రకం వచ్చిందట, దాని మీద రెండు గుండెలున్నాయట, 5 లీటర్లు కొంటే లీటరు ఫ్రీ అట, వచ్చేటప్పుడు రెండు క్యాన్లు పట్రమ్మంది.