కొండను తవ్వి హీటర్ కోర్‌ను పట్టి

పాత కారులో ఒక న్యాయం ఉంది. భాగం ఎంత చవకైతే అది అంత లోతున దాక్కుంటుంది. హీటర్ కోర్ ఇందుకు పెద్ద సాక్ష్యం. చూడబోతే అదొక బుల్లి రేడియేటర్. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, అక్కడ వేడెక్కి ఒక గొట్టంలోంచి దీంట్లోకి వచ్చి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి పోతుంది. దాని మీదుగా ఫ్యాను గాలి కొడితే మనకు వెచ్చగా ఉంటుంది. అంతే. కానీ ముందు దాన్ని పెట్టి, తర్వాత దాని చుట్టూ కారు కట్టినట్టున్నారు.

మా కారులో అది కారడం మొదలెట్టినప్పుడు నేల మీద ఒక్క చుక్క పడలేదు. ట్యాంకులో కూలెంట్ మట్టం మాత్రం తగ్గుతూనే ఉంది. పక్క సీట్లో కూర్చున్న మా బావమరిది "బావా, ఏదో తియ్యటి వాసన, కొత్త సెంటా?" అని గుండెల నిండా పీల్చాడు. అది కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనీ, ఆ తీపికి ఆశపడి నాకిన కుక్కలు ప్రాణం మీదికి తెచ్చుకుంటాయనీ చెప్పాక, మిగతా దారంతా తల కిటికీ బయటే పెట్టాడు. కాసేపటికి కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉందన్నాడు. ఆ వెంటనే ముందు అద్దం మసకబారింది. అద్దం మీదికి వేడి గాలి కొట్టే డీఫ్రాస్టర్ వేస్తే ఇంకా ముసిరింది. ముసరదా మరి, ఆ గాలి వచ్చేదే కారుతున్న కోర్ మీదుగా! గుడ్డతో తుడిస్తే జిడ్డు ఈ పక్క నుంచి ఆ పక్కకు మారింది.

మెకానిక్ ఒక్క మాటలో తేల్చేశాడు. రెండు గొట్టాలూ కలిపేసి కోర్‌ను పక్కన పెట్టేద్దామట. "చలేస్తే స్వెట్టర్ వేసుకోండి సార్." మనిషి వేసుకుంటాడు, అద్దానికి ఎవరు వేస్తారు? ఇంకొకాయన లీకులు మూసే పొడి పోయమన్నాడు. కోర్‌లో ట్యూబులు సన్నవి. చిల్లు పూడేలోపు అవే పూడుకుపోతాయి. నాకు ఆ పొడి మీద నమ్మకం లేదు.

దాంతో బావమరిది రంగంలోకి దిగాడు. వీడియోలు చూశాడట. బ్యాటరీ వైరు తీసి, గ్లోవ్ బాక్స్, రేడియో, స్టీరింగ్ కాలమ్ బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. అయినా డాష్‌బోర్డు కదలదే! ఎక్కడో ఒక స్క్రూ ఉంది. ఎక్కడుందో అది బిగించినవాడికే తెలియాలి. చివరికి యాష్‌ట్రే వెనకాల దొరికింది. అప్పటికే వాడు బలప్రయోగానికి దిగాడు. ఏళ్ల తరబడి ఎండిన ప్లాస్టిక్ కదా, ఏదో క్లిప్పు టప్పున విరిగి చేతిలోకొచ్చింది. "ఇది లేకపోయినా బండి నడుస్తుంది బావా" అని జేబులో వేసుకున్నాడు.

గొట్టాలు పాతబడితే పైపుకి అతుక్కుపోతాయి. వాటిని లాగకూడదు, బ్లేడుతో నిలువుగా కోసి ఊడదీయాలి. ఆ మాట నా నోట్లో ఉండగానే వాడు లాగేశాడు. మిగిలిన కూలెంటంతా వాడి చొక్కా చేతిలోంచి మోచేతి దాకా పోయింది. తవ్విన కొండకు ఎలుకలా, ఇంత హంగామాకి బయటపడ్డ కోర్ ఒక్క చేతిలో ఇమిడింది.

కూలెంట్ దగ్గర మొదలైంది అసలు టెన్షన్. "పాతది ఏ రంగులో ఉందో చూసి అదే పోద్దాం" అన్నది మా పథకం. బయటికొచ్చింది చూస్తే బురద రంగు! వెనకటి ఓనర్లు ఎవరికి తోచింది వాళ్లు పోసుకుంటూ వచ్చారన్నమాట. తెలిసినవాళ్లంతా తలో రంగూ చెప్పారు. ఆకుపచ్చే పోయాలని ఒకరు, గులాబీ అని ఒకరు, నారింజ అయితే అయిదేళ్లు చూసుకోనక్కర్లేదని ఇంకొకరు. రంగంటే అందులో కలిపిన అద్దకం మాత్రమే. అసలు చూడాల్సింది తుప్పు పట్టకుండా ఏం కలిపారన్నది. ఇత్తడి, రాగి రేడియేటర్లున్న పాత బళ్లకు సిలికేట్లుండే పాతకాలం రకం పనికొస్తుంది, కాకపోతే రెండేళ్లకోసారి మార్చుకోవాలి. సేంద్రియ ఆమ్లాల రకం ఎక్కువ కాలం వస్తుంది. రెండూ కలిస్తే ఒక్కోసారి ముద్ద కట్టొచ్చు. తగాదా తీర్చింది కారు మాన్యువల్. అన్నాళ్లూ దాన్ని ఎవరూ తెరవలేదు, పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"నీళ్లెందుకు బావా, చిక్కగా పోసేద్దాం" అన్నాడు వాడు. ఉత్త గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మైనస్ 37 దాకా తట్టుకుంటుంది, వేడిని కూడా బాగా మోస్తుంది. పాత బురదను కడిగిన నీళ్లు ఇంజిన్‌లో కొంత మిగిలిపోతాయి కాబట్టి, మొత్తం పట్టేదాంట్లో సగం చిక్కటిది ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాం.

చల్లటి ఇంజిన్ మీద మూత తీసి, హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, బండి ముందు భాగం కాస్త ఎత్తులో పెట్టి స్టార్ట్ చేశాం. డాష్‌బోర్డులోంచి గుడగుడమని చప్పుడు. "ఆకలేస్తున్నట్టుంది బావా దీనికి!" లోపల ఇరుక్కున్న గాలి బుడగలు పోయాక ఆ చప్పుడూ పోయింది. హీటర్ భగభగమంది. వాడు చప్పట్లు కొట్టాడు.

ఇక చాలని నాబ్ చల్లటి వైపు తిప్పాను. భగభగ ఆగలేదు. మళ్లీ తిప్పాను. నాబ్ మాత్రం హాయిగా గిరగిరా తిరుగుతోంది. వేడి గాలిని ఆపే తలుపును లాగే కేబుల్‌ని పట్టి ఉంచేది ఆ విరిగిన క్లిప్పేనట. బావమరిది దాన్ని జేబులోంచి తీసి, నా చేతిలో పెట్టి, అర్జెంటు పని గుర్తొచ్చిందని వెళ్లిపోయాడు.