శిఖరం సరే, మధ్య మజిలీల మాటేమిటి?

‘ముందు గొప్ప లక్ష్యం పెట్టుకోండి, ప్రేరణ దానంతటదే వస్తుంది’ అని లక్ష్యాల గురించిన ఒక వ్యాసంలో చదివాను. వ్యాసకర్త చెప్పిన ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. వ్యాసంలో ఉదాహరణగా చూపిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కిన మాట నిజమే గానీ, ఆ గురుకుల విద్యార్థిని నేరుగా అక్కడికి బయలుదేరలేదు. భువనగిరి కోట ఉన్న రాతిగుట్ట మీద తాళ్లతో ఎక్కడం, దిగడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, ఆపైన లద్దాఖ్ చలికి ఒంటిని అలవాటు చేసుకున్న తర్వాతే ఎవరెస్టు వైపు నడిచింది. ఈ దశలన్నీ వదిలేసి శిఖరం ఫొటో ఒక్కటే చూపితే పాఠకుడికి ఉత్సాహం వస్తుందేమో గానీ దారి తెలియదు.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ అనే ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదివేవారి గదుల్లో ‘రోజుకు 14 గంటలు’ అని స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించిన టైంటేబుళ్లు చాలానే కనిపిస్తాయి, అవి వారం తిరగకముందే అటకెక్కడమూ మామూలే. (నోటిఫికేషన్ వాయిదా పడితే మరీ త్వరగా!) దానికి బదులు ఈ వారం పాలిటీలో (రాజ్యాంగం, పాలన) రెండు అధ్యాయాలు, ఒక పాత ప్రశ్నపత్రం అని రాసుకున్నవారికి ఆదివారం నాటికి ఎంత అయిందో, ఎంత మిగిలిందో కచ్చితంగా తెలుస్తుంది, ఉద్యోగం చేసుకుంటూ రాత్రి రెండు గంటలే చదవగలిగేవారికి ఆ లెక్క మరీ అవసరం. వ్యాసకర్త తదుపరి భాగంలో అటువంటివారి గురించి కూడా రాస్తే బాగుంటుంది.