శిల్పం, రాయి, 12వ శతాబ్దం

జిల్లాల్లో ఉన్న చిన్న చిన్న మ్యూజియాలను తిట్టడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. నేను అందుకు ఒప్పుకోను. పాత వస్తువులను కాపాడటమే కదా మ్యూజియం పని! వాటికి అసలు ప్రమాదం చూడ్డానికొచ్చేవాళ్లతోనే. తాకుతారు, ఆనుకుంటారు, సెల్ఫీలు దిగుతారు, కొందరైతే ప్రశ్నలు కూడా అడుగుతారు. ఈ బెడద మొత్తాన్ని మనవాళ్లు ఒక్క తాళంకప్పతో వదిలించేశారు.

మొన్న నేను వెళ్లిన మ్యూజియం గేటుకూ అదే వేలాడుతోంది. తాళంచెవి పెళ్లికెళ్లిందని పక్కనున్న టీకొట్టాయన చెప్పాడు. గంటన్నర తర్వాత అది మోపెడ్ మీద తిరిగొచ్చింది. "ఎవరి తాలూకు సార్?" అన్నాడు వాచ్‌మన్, నన్ను ఎగాదిగా చూసి. ఎవరి తాలూకూ కాదు, ఊరికే చూసిపోదామని వచ్చానంటే అనుమానం ఇంకా పెరిగింది. టికెట్ ఐదు రూపాయలు. యాభై నోటుకు చిల్లర లేక, ప్రభుత్వమే నష్టం భరించింది.

లోపల మూడు గదులు. లేబుళ్లు రాసిన మహానుభావుడు మితభాషి. "శిల్పం. రాయి. 12వ శతాబ్దం." వినాయకుడికీ అదే, భైరవుడికీ అదే. రాయి అని రాయకపోతే పిండి అనుకుంటామని కాబోలు. సప్తమాతృకల పలకలో ఐదుగురే కనిపించారు. మిగతా ఇద్దరికి అడ్డంగా మే 18న కట్టిన అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం ఫ్లెక్సీ ఉంది. అందులో మాత్రం తొమ్మిదిమంది ఉన్నారు, ఒక్కరి ముక్కూ చెక్కుచెదరలేదు.

నాణేల పెట్టె దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుందని చదువుకున్నవాణ్ణి. ఆశగా అద్దానికి ముక్కు ఆనించి చూశాను. జిగురు ఊడి, చీటీ నాణెం మీద బోర్లా పడి ఉంది. ఎవరిదో పాత శుభలేఖ చింపి దాని వెనక రాసినట్టున్నారు, "సుముహూర్తం ఉదయం" దాకా చదవగలిగాను. పక్కనే ఒక ఎండు బల్లి. దానికి లేబుల్ లేదు గానీ, ఆ గది మొత్తంలో నేను కాలం చెప్పగలిగింది అదొక్కటే. పోయిన వేసవిది.

అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయని కొందరు కుమిలిపోతుంటారు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మనుషులు కట్టడాలకు రాళ్ల కోసం అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బ తవ్వడం, 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూడటం, 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి కొన్నిటిని మద్రాసు పంపడం, అక్కణ్ణుంచి అవి ఓడెక్కడం తెలిసిన కథే. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు వాటిని అద్దాల గదిలో పెట్టి, ఏ పలక మీద ఏ కథ ఉందో రాసి మరీ చూపిస్తున్నారు. చదవలేక ఎంతమంది కళ్లు నొప్పి పుడుతున్నాయో! అవే ఇక్కడుంటే రెండు ముక్కల్లో తేలిపోయేది. పైగా ఒక్క చీటీతో వెయ్యేళ్ల వయసు తగ్గేది.

బయటికొచ్చాక ప్రహరీ అవతల, వేపచెట్టు కింద ఒక వీరగల్లు కనబడింది. మూడు వరసల బొమ్మలు. కింద కత్తి దూసిన వీరుడు, మధ్యలో అతన్ని పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం దగ్గర మళ్లీ అతనే. ఊరి పశువులను తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిపోయినవాళ్లకు ఇలాంటి రాళ్లు నిలిపేవారు. ఇప్పుడు దానికి ఒక గేదెను కట్టేశారు. పశువుల కోసం ప్రాణమిచ్చినవాడికి ఇంతకన్నా తగిన నివాళి ఎవరివ్వగలరు? గేదె కూడా అప్సరసలకేసి వీపు రుద్దుకుంటూ తన వంతు కృతజ్ఞత తెలుపుకుంటోంది.

"దీన్ని లోపల పెట్టలేదేం అన్నా?" అనడిగాను.

"లోపల పెడితే ఎవరు చూస్తారు సార్?" అన్నాడు వాచ్‌మన్.

వెళ్లేముందు రిజిస్టర్ తెచ్చి సంతకం పెట్టమన్నాడు. "ఒక్కరే వచ్చారంటే బాగోదు సార్, ఫ్యామిలీతో అని రాయండి" అన్నాడు బతిమాలుతున్నట్టు. మా ఆవిడ పేరు, ఇద్దరు పిల్లల పేర్లు రాశాను. ఇంకో గీత ఖాళీగా ఉంటే మా తాతయ్య పేరు కూడా రాశాను. ఆయన పోయి పదేళ్లయింది. ఆ మ్యూజియానికి రావడానికి అదేమంత అడ్డంకి అనిపించలేదు.