ఆ పాయింట్ ఒకటి ఎవరు?

మా ఆవిడ నెల తప్పిందని తెలిసిన రోజు నేను చేసిన మొదటి పని, రాష్ట్రానికి మనసులో అభినందనలు చెప్పడం. రెండో పని, చోడవరంలో ఉన్న మా అత్తగారికి ఫోన్ చేసి బయల్దేరమనడం. బాత్‌రూమ్‌లో వాంతులు చేసుకుంటున్న మనిషికి గ్లాసెడు మంచినీళ్ళివ్వడం మూడోది. నేను రెండో పనిలో ఉండగా దాన్ని మా ఆరేళ్ళ చిన్ని చేసేసింది.

ఇది మూడో కాన్పు. ఎవరూ అపార్థం చేసుకోకూడదు. మాది అందరిలాంటి సంతానం కాదు, ప్రజాసేవ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో మన రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గిపోకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. అందుకే పెద్దలు మైకు దొరికినప్పుడల్లా కనండి, కనండి అంటున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. అంటే విశాఖ కార్పొరేషన్‌లోని 98 వార్డుల్లో ఎక్కడైనా నేనిప్పుడు నిర్భయంగా ఓడిపోవచ్చు. విజయనగరం ఎంపీగారైతే 2025 మార్చిలో మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవు అని ప్రకటించారు. డబ్బు సంగతి సరే, ఆవుతోనే నాకు టెన్షన్. మాది మర్రిపాలెంలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు.

నేను పుట్టిన రోజుల్లో మా ఊరి ఆసుపత్రి గోడ మీద ఎర్ర త్రికోణం, దాని కింద ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అని రాసి ఉండేది. మా నాన్న ఆ గోడ చదివి అక్షరం పొల్లుపోకుండా పాటించారు. నేను టీవీ చూసి పాటిస్తున్నాను. ప్రభుత్వం మాట జవదాటిన వాళ్ళు మా వంశంలో లేరు.

ఈ సంగతంతా ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకు వివరంగా చెప్పాను. మజ్జిగన్నం కలుపుతూ విని, “ఇద్దరంటే అర్థమైంది. ఆ పాయింట్ ఒకటి ఎవరు?” అంది.

పుట్టిన పిల్లలందరూ పెద్దవాళ్ళయ్యేదాకా బతకరు గనక, మగపిల్లలకన్నా ఆడపిల్లలు కాస్త తక్కువ పుడతారు గనక, రెండు మీద ఆ కాస్త అదనంగా వేస్తారని మొదలుపెట్టాను. ఆవిడ నన్ను చూడటం లేదు. నేను తిని వదిలేసిన కంచాన్ని చూసింది. కుర్చీ మీద ఆరేసిన నా తడి తువ్వాలు చూసింది. “ఆఁ, తెలిసిందిలెండి” అంది. వంటింట్లోంచి మా అత్తగారు నవ్వినట్టు వినిపించింది. పోపు మాడింది కూడా.

పోపు అంటే గుర్తొచ్చింది. ఈసారి వేవిళ్ళు ఆవాల మీద పడ్డాయి. ఆవాలు చిటపటలాడితే చాలు ఆవిడకు కడుపులో తిప్పుతుంది. అందుకని అత్తగారు కరెంటు పొయ్యిని బాల్కనీలోకి మార్చి, వీధివైపు తిరిగి పోపులు పెడుతున్నారు. పొద్దున్న ఏడు గంటలకు మా ఇంటి పప్పు సంగతి నాలుగిళ్ళ అవతలికి తెలిసిపోతోంది. అదే సమయానికి మూడేళ్ళ బుజ్జిగాడు ఇడ్లీ తిననని, పెసరట్టే కావాలని నేల మీద పొర్లుతాడు. పెసరట్టు వేసి ముందు పెడితే దాన్ని చూసి, ఇడ్లీ ఏదని ఏడుస్తాడు. చిన్ని బూటు ఒకటి కనబడదు. ఎనిమిదింటికి స్కూలు ఆటో కింద హారన్ కొడుతుంటే నేను మంచాల కింద, బీరువాల మీద, ఆఖరికి మీటరు బోర్డు వెనక కూడా వెతుకుతాను. మొన్న గురువారం అది ఫ్రిజ్‌లో కూరగాయల ట్రేలో వంకాయల పక్కన దొరికింది. చల్లగా ఉందని చిన్ని సంతోషంగానే తొడుక్కుంది. దొరికింది నాకు కాదనుకోండి. వంకాయ కూర తరగబోయిన అత్తగారికి.

“మీరు ఎతకడం మానేసి పిల్లకి జడెయ్యొచ్చు కదేటి బాబూ?” అన్నారావిడ.

జడ వేయడం పాలనకు సంబంధించిన విషయం. నాది విధాన నిర్ణయాల స్థాయి. ఈ తేడా చోడవరంలో ఇంకా తెలిసినట్టు లేదు.

చట్టాలు మాత్రం మా ప్రజాసేవకు తగ్గట్టు ఎదగలేదని బాధతో చెబుతున్నాను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు. 2017లో సవరించిన ప్రసూతి చట్టం మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవిచ్చి, మూడోదానికి 12 వారాలతో సరిపెట్టింది. మూడోసారికి చెయ్యి తిరిగిపోయి ఉంటుంది, పని త్వరగా తెముల్తుందని కాబోలు. తండ్రుల గతి మరీ అన్యాయం. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల సెలవుంది గానీ, ఇద్దరు పిల్లలు పుట్టేశాక అదీ లేదు. నాలాంటి ప్రైవేటు ఉద్యోగికి చట్టం ఏ కాన్పుకీ ఒక్క పూట కూడా ఇవ్వలేదు. ఈ అన్యాయం గురించి ఒక రాత్రి ఆవేశంగా మాట్లాడితే, “సెలవిస్తే ఏం చేసేవాళ్ళు?” అని అడిగింది ఆవిడ. ఆలోచించి చెబుతానన్నాను. ఆ మాటకిప్పుడు నెల దాటింది.

బండి సంగతీ అంతే. ముందు బుజ్జిగాడు నిలబడతాడు, మధ్యలో చిన్ని, వెనక ఆవిడ, ఆవిడ లోపల ఇంకొకరు. మోటారు వాహనాల చట్టం నడిపేవాడు గాక మరొక్కరినే ఒప్పుకుంటుంది. ఆ మధ్య జంక్షన్‌లో ఆపిన కానిస్టేబుల్ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. నాలుగు దగ్గర ఆగి, మా ఆవిడ పొట్ట వైపు చూసి, ఐదో వేలు మడవాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. “రాష్ట్రం కోసమే సార్” అన్నాను. చలానా ఫోనుకొచ్చింది. అది కూడా రాష్ట్రానికే వెళ్తుంది కాబట్టి ఏమీ అనలేకపోయాను.

లోపలున్నది ఎవరో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. డాక్టరుగారు పెదవి విప్పరు. మా అపార్ట్‌మెంట్ ఆంటీలకు మాత్రం ఆ చట్టం వర్తించదు. పొట్ట కిందికి జారింది కాబట్టి మగపిల్లాడని కింది వాటావాళ్ళు, మొహం కళ తప్పింది కాబట్టి ఆడపిల్లేనని పై వాటావాళ్ళు. నిద్ర లేక కళ తప్పి ఉండొచ్చన్న ఆలోచన ఏ అంతస్తులోనూ రాలేదు. మాకూ రాలేదు.

చలానా పడ్డాక, ఏడో నెలలో ఒక ఆదివారం అందరం సిటీ బస్సులో ఆర్‌కే బీచికి వెళ్ళాం. బుజ్జిగాడు కురుసుర చూడాలన్నాడు. సోవియట్ దేశంలో తయారై, 2001లో రిటైరై ఒడ్డుకెక్కిన జలాంతర్గామి అది. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళాలంటే గుండ్రటి కన్నంలోంచి కాలు ముందు పెట్టి వంగి దూరాలి. మా ఆవిడ ఆ కన్నాన్ని, తన పొట్టను చూసుకుని, మురీ మిక్చర్ పొట్లం తీసుకుని అమ్మతో కలిసి గోడ మీద కూర్చుండిపోయింది. పిల్లలను నేనే తిప్పాను. డెబ్బై మందికి పైగా నావికులు ఇందులోనే తిని, ఇందులోనే పడుకునేవారని వివరించాను. బుజ్జిగాడు బయటికి పరిగెత్తుకొచ్చి అమ్మ పొట్టకు చెవి ఆనించి, “లోపల ఎంతమంది ఉన్నారు?” అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చి మురీలు పొలమారాయి. నీళ్ళ సీసా నా సంచిలోనే ఉంది. ఈసారీ చిన్నే తీసి ఇచ్చింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో అమ్మాయి లేచి మా ఆవిడకు సీటిచ్చింది, అత్తగారు పక్కన సర్దుకున్నారు. బుజ్జిగాడు ఒడిలోకి ఎక్కబోయి, ఎక్కడానికి ఒడే లేకపోవడంతో బిక్కమొహం వేశాడు. “అమ్మ ఒడి నిండిపోయిందిరా. నాన్న దగ్గరికెళ్ళు, ఆయనది ఎప్పుడూ ఖాళీయే” అంది చిన్ని. నిలబడి ఉన్నవాడికి ఒడెక్కడిది? ఎత్తుకున్నాను. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు ఇంకా చాలా దూరం ఉండగానే వాడు నిద్రపోయి నా చొక్కా మీద చొంగ కార్చడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి కడ్డీకి, ఒక చెయ్యి వాడికి. ముక్కు దురద పెడితే గోక్కోవడానికి మూడో చెయ్యి లేదు.

కండక్టరు వచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచితం కదా, అత్తగారు కార్డులు తీసి చూపించారు.

“ఆడోలం ముగ్గురం. ఆ బుజం మీదున్న గుంటడికి మూడేళ్ళే, టికెట్ లేదు. లోపలున్నోలకి సరే సరి. ఒక్క టికెట్టే బాబూ, అదుగో, కడ్డీ పట్టుకుని నిలబడ్డారే, ఆ పాయింటొకటి బాబుగారికి.”

కండక్టరు నాకు ఫుల్ టికెట్టే కొట్టాడు.