ఒంటికి వెళ్లడానికి ఐదు నిమిషాలు

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీ పనిగంటలను రోజుకి 9 నుంచి 10కి పెంచడానికి 2025 జూన్‌లో మంత్రివర్గం ఒప్పుకున్నప్పుడు గొడవంతా ఆ పదో గంట మీదే నడిచింది. దాని పక్కనే ఇంకో మార్పు ఉంది. ఐదు గంటలు పనిచేస్తే ఒక విరామం అని ఉన్నదాన్ని ఆరు గంటలకి జరిపారు. తెలంగాణ కూడా జూలైలో, దుకాణాలను మినహాయించి, వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పనికి అనుమతిచ్చింది, అక్కడా ఆరు గంటలు దాటితే అరగంట విరామమే.

జీవోలు ఎన్నైనా ఇచ్చుకోవచ్చు గానీ మూత్రాశయం వాటిని చదవదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి అందులో పట్టేది అర లీటరుకి కాస్త అటూ ఇటూ, రోజుకి ఆరేడుసార్లు వెళ్లాల్సి రావడం మామూలే, షుగరున్నవాళ్లకీ గర్భిణులకీ ప్రోస్టేట్ ఇబ్బందున్న పెద్దాయనకీ ఇంకా ఎక్కువ. మధ్యలో వెళ్లొద్దని ఎక్కడా లేదు కదా అంటారు. నిజమే, లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అయితే, కార్మికులు లోపల ఉన్నంతసేపూ మరుగుదొడ్లు అందుబాటులో ఉండాలని స్పష్టంగానే చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆడవాళ్లకి, మగవాళ్లకి, ట్రాన్స్‌జెండర్లకి విడివిడిగా ఏర్పాటు ఉండాలంది. గది గురించి ఇంత రాసినవాళ్లు, ఆ గదికి వెళ్లొచ్చే ఐదు నిమిషాలు మెషిన్ దగ్గర ఎవరు నిలబడతారో మాత్రం రాయలేదు. సూపర్‌వైజర్ మంచోడైతే తల ఊపుతాడు, లేదంటే "ఇప్పుడే కదా వెళ్లొచ్చావ్" అంటాడు. బడిలో చిటికెన వేలు చూపించి టీచరమ్మ మొహం చూసినట్టే, ఇక్కడా ఎదురుచూపే.

సిటీ బస్సు కండక్టర్ డ్యూటీ ఒకసారి దగ్గర్నుంచి చూడండి. పటాన్‌చెరు నుంచి కోఠి దాకా 218 బస్సు. భుజానికి క్యాష్ బ్యాగు, చేతిలో టిమ్, అంటే టికెట్ కొట్టే మెషిన్. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలయ్యాక ఎక్కే ఆడవాళ్లు బాగా పెరిగారు, వాళ్లది ఉచితమే అయినా ఒక్కొక్కరి ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టాల్సిందే కాబట్టి కండక్టర్ చేతికి ఖాళీ లేదు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని బస్సు ఆలస్యంగా వస్తే ఆ ఆలస్యం ఎక్కడినుంచి తీస్తారు? చివరి స్టాపులో ఉన్న ఆ కాస్త ఖాళీ టైంలోంచే. బస్సు దిగీ దిగకముందే కంట్రోలర్ బయల్దేరమంటాడు. సరే, టైం దొరికిందే అనుకుందాం, చుట్టుపక్కల శుభ్రమైన బాత్రూం కూడా ఉందనే అనుకుందాం. ఆ క్యాష్ బ్యాగు, ఆ మెషిన్ ఎక్కడ పెట్టి వెళ్లాలి? ఒక్క వంద తగ్గినా కట్టాల్సింది ఆమే. తలుపుకి గొళ్లెం కూడా సరిగ్గా పడని చోటికి డబ్బు సంచి మెడలో వేసుకుని వెళ్లడం కంటే పొద్దున్నుంచీ నీళ్లు తాగకపోవడమే సులువని ఆడ కండక్టర్లు అనుకోవడంలో వింతేం లేదు. ఏప్రిల్ ఎండలో, బస్సు ఇంజిన్ వేడిలో నీళ్లు తాగకుండా ఉండటం, వచ్చింది బిగబట్టుకోవడం, ఏడాది తర్వాత యూరిన్ ఇన్ఫెక్షన్లనీ కిడ్నీలో రాళ్లనీ ఆస్పత్రి చుట్టూ తిరగడం. ఇక నెలసరి రోజుల్లో పరిస్థితి ఎలా ఉంటుందో మేం విడమర్చి చెప్పక్కర్లేదు.

పాలకులకి తెలియని సంగతేం కాదిది. 2019లో తెలంగాణ ఆర్టీసీ సుదీర్ఘ సమ్మె ముగిశాక అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ ఉద్యోగులతో మాట్లాడినప్పుడు, ఆడవాళ్లకి రాత్రి 8 దాటాక డ్యూటీ ఉండదని, డిపోల్లో వాళ్లకి ప్రత్యేకంగా టాయిలెట్లు కట్టిస్తామని చెప్పారు. మంచిదే. కాకపోతే కండక్టర్ ఎనిమిది గంటలూ డిపోలో కూర్చోదు, రోడ్డు మీద ఉంటుంది! ఏపీలో కూడా 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలైంది, అక్కడి బస్సుల్లోనూ ఇదే రద్దీ.

రైలు ఇంజిన్లది ఇంకో కథ. చాలా ఇంజిన్లలో ఇప్పటికీ టాయిలెట్ లేదు. అవసరం పడితే వాకీటాకీలో వచ్చే స్టేషన్‌కి చెప్పి ఆపుకోవాలి, అంటే ఆ సంగతి వినేవాళ్లందరికీ తెలిసిపోతుంది, ఇది మహిళా లోకో పైలట్లు ఎప్పట్నుంచో చెప్తున్న బాధ. భోజనానికీ, కాలకృత్యాలకీ నిర్ణీత విరామం ఇవ్వడం ఆచరణలో కుదరదని 2025లో రైల్వే బోర్డు తేల్చేసింది. వేలమంది ప్రాణాలు చేతిలో పెట్టుకున్న మనిషి కడుపు నొప్పితో సిగ్నల్ చూడటం మాత్రం కుదురుతుందన్నమాట.

2024లో హర్యానాలోని మానేసర్‌లో, ఒక పెద్ద ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ గోదాములో, ఆరు లారీల సరుకు దించేదాకా టాయిలెట్‌కీ నీళ్లకీ వెళ్లమని కార్మికుల చేత ప్రతిజ్ఞ చేయించారన్న వార్త వచ్చింది. జాతీయ మానవ హక్కుల సంఘం తనంతట తానే కేసు తీసుకుంది. బయటపడింది కాబట్టి గొడవైంది. ప్రతిజ్ఞ చేయించకుండానే టార్గెట్‌తో అదే పని చేయించే చోట్ల ఎవరు అడుగుతారు? కాల్‌సెంటర్‌లో సీటు వదిలిన ప్రతి నిమిషం స్క్రీన్ మీద పడుతుంది, నెలాఖరుకి ఇన్సెంటివ్‌లో తేలుతుంది.

బాత్రూం పేరు చెప్పి ఫోన్ చూసుకుంటారండీ అని యజమానులు అంటారు. చూసుకునేవాళ్లు ఉంటారు, మేమూ కాదనం. (మేనేజర్లు కూడా చూసుకుంటారు, వాళ్లని ఎవరూ లెక్కపెట్టరు, అంతే తేడా.) పని ఎగ్గొట్టే ఒకరిద్దరితో విడిగా మాట్లాడొచ్చు, వాళ్ల కోసం మిగతా అందరి కడుపుకీ తాళం వేయడం ఏం న్యాయం?

అడిగితే వస్తుందా అంటే, వస్తుంది. కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు ముందు అడిగింది టాయిలెట్టే. వాళ్లు కట్టిన పెన్‌కూట్టు సంఘం అక్కడినుంచి పనివేళల్లో కూర్చునే హక్కు దాకా వెళ్లింది, 2018లో కేరళ దాన్ని చట్టంలో పెట్టింది, 2021లో తమిళనాడు కూడా పెట్టింది. సుల్తాన్ బజార్‌లోనో, బెజవాడ బీసెంట్ రోడ్డులోనో పొద్దున్నుంచి రాత్రి దాకా చీరలు విప్పి చూపించే అమ్మాయిలకి మన రెండు రాష్ట్రాలూ అదే పని ఎందుకు చేయకూడదు?

మేం కోరేవి మరీ పెద్దవి కావు. మధ్యాహ్నం భోజన విరామం కాకుండా, జీతం కోత లేకుండా, కారణం చెప్పాల్సిన పని లేకుండా వెళ్లొచ్చే హక్కు నిబంధనల్లో అక్షరాలా ఉండాలి. లైన్‌లో పనిచేసేచోట ఆ కాసేపు నిలబడే రిలీవర్ ఉండాలి. ఆర్టీసీ మటుకు రన్నింగ్ టైం లెక్కేసేటప్పుడు చివరి స్టాపులో పది నిమిషాలు విడిగా చూపించాలి, బస్సు ఆలస్యమైనా వాటి జోలికి రాకూడదు. ఆ పక్కనే ఒక గది, నీళ్లు, పడే గొళ్లెం. క్యాష్ బ్యాగూ మెషినూ పెట్టుకోవడానికి తాళం వేసుకునే ఇనుప పెట్టె ఒకటి, తాళంచెవి కండక్టర్ దగ్గరే ఉండేలా.