సింక్లెయిర్ సైంటిఫిక్‌ని చూసి నవ్వేవాళ్లకి

పాత కాలిక్యులేటర్ల ముచ్చట వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు సింక్లెయిర్ సైంటిఫిక్ అనే చవక సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ని తెచ్చి కామెడీ చేస్తారు. సైన్ అడిగితే ఆలోచిస్తూ కూర్చుంటుందట, తీరా చెప్పాక అదీ తప్పేనట. పైగా పక్కన హ్యూలెట్-ప్యాకార్డ్ వాళ్ల ఖరీదైన కాలిక్యులేటర్ హెచ్‌పీ-35ని పెట్టి పోల్చడం. నాకు ఒళ్లు మండేది ఆ పోలిక దగ్గరే.

హెచ్‌పీ-35 ధర 1972లో 395 డాలర్లు. అందులో ప్రోగ్రామ్ దాచే రోమ్ చిప్పులే మూడు, 768 ఆదేశాలు పడతాయి. 1974లో వచ్చిన సింక్లెయిర్ యాభై పౌన్లలోపే. లోపల ఉన్నది ఒకే ఒక్క చిప్, అదీ కూడికలూ తీసివేతలూ చేసుకునే మామూలు కాలిక్యులేటర్ల కోసం టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసిన రకం. చోటు 320 ఆదేశాలకే. రిజిస్టర్లు మూడే, అంటే ఒకేసారి మూడు సంఖ్యలకు మించి పెట్టుకునే వీల్లేదు. సింక్లెయిర్ ప్రోగ్రామ్ రాసిన నైజెల్ సెర్ల్ అందులోనే సైన్, కాస్, టాన్, వాటి విలోమాలు, లాగ్, యాంటీలాగ్ అన్నీ ఇరికించాడు!

సైన్ లాంటివి ఎలాగంటారా? కోణాన్ని 0.001 రేడియన్ చొప్పున కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోవడమే. 30 డిగ్రీలంటే 0.5236 రేడియన్లు, అంటే అయిదు వందల పైచిలుకు సార్లు తిప్పాలి. కోణం పెద్దదైతే ఇంకా లేటు. ఆ చిన్న చిన్న అంచెల్లో చివరి అంకెలు అరిగిపోతాయి. మరి డిగ్రీల్ని రేడియన్లు చెయ్యాలంటే? 57.29578తో మీరే భాగించుకోవాలి. ఆ సంఖ్య, పై (π) విలువతో సహా, కాలిక్యులేటర్ డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది. చిప్‌లో పట్టనిదాన్ని ప్లాస్టిక్ మీదికి ఎక్కించారన్నమాట. నన్నడిగితే ఆ మొత్తం డిజైన్‌లో నాకు బాగా నచ్చింది ఇదే.

అసలు దాన్ని కొన్నవాడి చేతిలో అప్పటిదాకా ఉన్నదేంటి? హెచ్‌పీ కాదు బాబూ, స్లైడ్ రూల్, అంటే పట్టీని జరిపి గుణకారాలూ భాగహారాలూ చేసే స్కేలు. అదీ మూడు అంకెల దాకానే నమ్మకంగా చెప్తుంది. పైగా దశాంశ బిందువు ఎక్కడ పడుతుందో మనమే లెక్క చూసుకోవాలి. సింక్లెయిర్ ఆ పది ఘాతాన్ని తనే చూసుకుంటుంది. పోలిస్తే స్లైడ్ రూల్‌తో పోల్చండి.

అన్నట్టు, మొదట్లో అమ్మిన హెచ్‌పీ-35లకు 2.02కి సహజ లాగ్ తీసి, మళ్లీ దాన్ని వెనక్కి తిప్పే ఈ-పవర్ (eˣ) నొక్కితే 2 వచ్చేది. దాని మీద జోకులు వేసేవాళ్లు ఎక్కడా కనపడరేం?

ఒక్క విషయంలో మాత్రం నేనూ తిడతా. సింక్లెయిర్‌కి దశాంశ చుక్క మీట లేదు. మొదటి అంకె తర్వాత చుక్క దానంతటదే పడుతుంది, 50 కావాలంటే 5, E (పది ఘాతం మీట), 1 అని కొట్టాలి. పచారీ కొట్టు బిల్లు దీంతో కూడమంటే నా వల్ల కాదు.